నాలుగు వేళ్ల మందు లెక్క ఎందుకు తప్పు

తెలుగులో మందు అన్న మాట చాలా పనులు చేస్తుంది. జ్వరమొస్తే మింగేది మందు. పత్తి చేలో కొట్టేది మందు. తుపాకి గొట్టంలో దట్టించేదీ మందే. గుంటూరు, ప్రకాశం మెట్ట పొలాల్లో ఈ మూడింటి చుట్టూ ఒకే నమ్మకం అల్లుకుని ఉంది: మందు పెంచితే ఫలితం పెరుగుతుంది. డాక్టరు ఒక మాత్ర చెబితే రెండు వేసుకోవడం, డబ్బా మీద ఒక మూత అని రాసుంటే రెండు మూతలు కలపడం, తుపాకిలో ఇంకో చిటికెడు పోసి కడ్డీతో కూరడం, అన్నీ ఆ ఒక్క చెట్టు కొమ్మలే.

ఆ చెట్టును తుపాకి వైపు నుంచి నరకాలి. ఎందుకంటే మాత్రలోనూ పురుగుమందులోనూ తప్పు బయటపడడానికి రోజులో, నెలలో పడుతుంది. తుపాకిలో అది రెప్పపాటులో తేలిపోతుంది. అందులోనూ సన్న గొట్టం ఉన్న, మూతి నుంచి మందు దట్టించే రైఫిల్‌లో ఈ నమ్మకం ఎంత డొల్లదో అంకెలతో సహా చూపించవచ్చు.

మూతి నుంచి దట్టించే తుపాకి ఈ ప్రాంతానికి మ్యూజియం వస్తువు కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణ కోసం నిజంగా అవసరమైన వాళ్లకు ఇలాంటి తుపాకికి లైసెన్సు ఇవ్వాలని ప్రత్యేకంగా రాసి ఉంది. నల్లమల అంచున ఉన్న పల్నాడు, మార్కాపురం వైపు ఊళ్లలో రాత్రి పూట అడవి పందులు చేలమీద పడతాయి. ఒక్క రాత్రిలో వేరుశనగ మడి దున్నినట్టు అయిపోతుంది. ఆ బాధ అబద్ధం కాదు. అక్కడ వాడేవి చాలావరకు గాడులు లేని నున్నని గొట్టపు తుపాకులు. సన్న గొట్టంలో మెలితిరిగిన గాడులుండే రైఫిళ్లు, అంటే 0.32, 0.36 అంగుళాల కాలిబర్‌వి, అమెరికాలోనూ ఐరోపాలోనూ గురి పోటీలకు, చిన్న జంతువుల వేటకు వాడతారు. తుపాకి ఏదైనా లోపల జరిగే పని ఒక్కటే. సన్న గొట్టంలో ఆ పని తాలూకు తప్పులు ఇంకా కొట్టొచ్చినట్టు కనపడతాయి కాబట్టి దాన్నే ఇక్కడ ఉదాహరణగా తీసుకోవాలి.

ముందు అవతలి పక్షం వాదాన్ని న్యాయంగా చెప్పాలి. అది మూడు కాళ్ల మీద నిలబడింది. మొదటిది: మందు పెరిగితే గుండు వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే దెబ్బ పెరుగుతుంది. రెండోది: పెద్దవాళ్లు వేళ్లతో కొలిచి పోశారు, వాళ్లకేమీ కాలేదు, కొత్తగా తూనికలెందుకు. మూడోది: చిన్న కాలిబర్ తుపాకి భుజాన్ని పెద్దగా తన్నదు, అంటే దానికి ఇంకా ఓపిక ఉందన్నమాట, ఇంకొంచెం పోసినా తట్టుకుంటుంది.

ఈ మూడింటిలో పెద్దది వేళ్ల లెక్క. దానితోనే మొదలుపెట్టవచ్చు.

గొట్టంలో కడ్డీ దించి, మందు పోశాక అది మూతి బయటికి ఎన్ని వేళ్ల మేర పొడుచుకొచ్చిందో చూసే పద్ధతి మన దగ్గరే కాదు, ప్రపంచంలో చాలా చోట్ల ఉండేది. నాలుగు వేళ్లు అంటే నాలుగు వేళ్లు. కానీ ఎవరి వేళ్లు? పొలం పని చేసిన మోటు చేతి నాలుగు వేళ్లకూ పద్దెనిమిదేళ్ల కుర్రాడి నాలుగు వేళ్లకూ కంటికి కనిపించే తేడా ఉంటుంది. కడ్డీ మీద కొలిచే ఆ ఎత్తులో బట్ట ముక్క, గుండు మందం కలిశాయా లేదా అన్నది ఇంకో చిక్కు. వీటన్నిటికంటే పెద్ద తప్పు గొట్టం వెడల్పును మరిచిపోవడం.

లెక్క చిన్నది, బడిపిల్లలు కూడా చేయగలరు. గొట్టంలో పట్టే మందు గొట్టం వ్యాసాన్ని బట్టి కాదు, ఆ వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది. 0.50 అంగుళాల గొట్టంలో ఒక అంగుళం ఎత్తు వచ్చే మందును తీసి 0.32 అంగుళాల గొట్టంలో పోస్తే అది దాదాపు రెండున్నర అంగుళాల ఎత్తు వస్తుంది. తిరగేసి చెప్పుకుంటే, రెండు గొట్టాల్లోనూ అదే నాలుగు వేళ్ల ఎత్తు పోసినవాడు సన్న గొట్టంలో పోసినదానికి పెద్ద గొట్టంలో దాదాపు రెండున్నర రెట్లు పోస్తున్నాడు. తాత గారి పెద్ద తుపాకికి సరిపోయిన వేళ్ల లెక్క మనవడి సన్న తుపాకికి ఏ విధంగానూ చెల్లదు. ఎత్తు చూసి బరువు చెప్పడం, బిందె లోతు చూసి నీళ్ల లీటర్లు చెప్పడం లాంటిది. బిందె మారితే లెక్క మారుతుంది.

మందు రవ్వ కూడా మారుతుంది. కంపెనీలు తయారుచేసే నల్ల తుపాకి మందులో ముతక రవ్వ, సన్న రవ్వ అని తరగతులుంటాయి. సన్న రవ్వ తొందరగా అంటుకుని తొందరగా కాలుతుంది, అదే కొలతకు ఒత్తిడి ఎక్కువ పుట్టిస్తుంది. కాబట్టి చిన్న గొట్టాలకు సన్న రవ్వ వాడమన్నప్పుడు కొలత తగ్గించి చెబుతారు. ఇక ఊళ్లో గుట్టుగా నూరిన నాటు మందుకు ఏ తరగతీ లేదు. ఈ వారం నూరినదీ పోయిన వారం నూరినదీ ఒకటి కావు. పలుకులు ఒక చోట ముద్దకట్టి, ఇంకో చోట పొడిగా ఉంటాయి. అలాంటి మందును వేళ్లతో కొలవడం అంటే తెలియనిదాన్ని తెలియనిదానితో కొలవడం. పైగా అలా నూరడం, లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం చట్టం దృష్టిలో నేరాలే. ప్రాణాలకు ప్రమాదం ఎలాగూ ఉంది, పైన జైలు కూడా ఉంది.

అమెరికా కొండ ప్రాంతాల్లో ఇలాంటిదే ఒక మాట చెప్పుకునేవారు. గుండును అరచేతిలో పెట్టుకుని, అది కనపడకుండా మునిగేదాకా మందు పోస్తే అదే సరైన కొలత అని. అరచెయ్యి కాస్త ఎక్కువ ముడిస్తే ఒక లెక్క, తక్కువ ముడిస్తే ఇంకో లెక్క. ఆ దేశంలో ఆ మాటను ఇప్పుడు గురి పోటీలకు వెళ్లేవాళ్లెవరూ పట్టించుకోరు. వాళ్లు ఇత్తడి కొలత గొట్టాలు వాడతారు. మనవాళ్ల వేళ్ల లెక్కకు అంతకంటే ఎక్కువ గౌరవం ఇవ్వాల్సిన కారణం ఏదీ లేదు.

"పెద్దవాళ్లకేమీ కాలేదు" అన్న మాటకు జవాబు కూడా ఇక్కడే ఉంది. గొట్టం పగిలి చెయ్యి పోయినవాడు తన పద్ధతిని మనవలకు నేర్పడు. మిగిలినవాళ్లే మాట్లాడతారు, వాళ్ల మాటే సంప్రదాయంగా మిగులుతుంది. ఒక పద్ధతి క్షేమమైనదని చెప్పడానికి అది ఎన్ని చేతుల మీదుగా వచ్చిందో తెలిస్తే చాలదు, దారిలో ఎన్ని చేతులు రాలిపోయాయో కూడా తెలియాలి.

ఇప్పుడు మొదటి వాదం, వేగం.

గుండు వేగంగా వెళ్తే దెబ్బ ఎక్కువ అన్నది సూత్రంగా నిజమే. తప్పు దాని తర్వాతి అడుగులో ఉంది. మందు రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కాదు, సన్న గొట్టంలో అసలే కాదు. 0.31 అంగుళాల గుండ్రని సీసపు గుండు సుమారు 45 గ్రెయిన్లు తూగుతుంది. మన పాత తులానికి 180 గ్రెయిన్లు కాబట్టి, అది పావు తులం. దాని వెనక 45 గ్రెయిన్ల మందు పోశారనుకుంటే, గుండుతోపాటు గుండంత బరువైన మందూ మసీ పొగా కూడా గొట్టం మూతి దాకా తనను తానే తోసుకుంటూ పోవాలి. పెద్ద కాలిబర్‌లో ఇలా ఉండదు. 0.49 అంగుళాల గుండు 175 గ్రెయిన్లకు పైనే తూగుతుంది. దాని ముందు 45 గ్రెయిన్ల మందు తేలిక. చిన్న గుండు వెనక పెద్ద మందు అంటే మందే మందును లాగడం. పోసే ప్రతి అదనపు చిటికెడులో కొంత భాగం తన బరువును తానే మోసుకోవడానికి ఖర్చవుతుంది. కొంత కాలకుండానే మూతి బయట మంటగా చిమ్ముతుంది. ఆ మంటను చూసి ఆనందపడేవాడు తన డబ్బు ఎక్కడ కాలుతోందో చూసి ఆనందపడుతున్నాడు.

బయటికొచ్చాక గాలి కాసుకుని ఉంటుంది. దీన్ని మొదట కొలిచి చూపించిన మనిషికి మన కోరమాండల్ తీరంతో సంబంధం ఉంది. బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లిష్ గణితజ్ఞుడు 1742లో ఫిరంగి విద్య మీద ఒక పుస్తకం వెలువరించాడు. తుపాకి గుండును వేలాడే చెక్క దిమ్మకు కొట్టి, ఆ దిమ్మ ఎంత ఊగిందో చూసి గుండు వేగం కట్టే పద్ధతి ఆయనదే. ఊగే దిమ్మను దగ్గరా దూరంగా మార్చి కొడితే గుండు దారిలో ఎంత వేగం పోగొట్టుకుంటోందో తెలిసింది. అప్పటిదాకా పండితులు గాలి అడ్డు పెద్ద లెక్కలోది కాదనుకునేవారు. రాబిన్స్ దిమ్మ ఆ అభిప్రాయాన్ని కూలదోసింది. ధ్వని వేగానికి దగ్గరపడి దాటేచోట గాలి అడ్డు ఒక్కసారిగా పెరుగుతుందని కూడా ఆయనే గమనించాడు. ఈ పుస్తకాన్ని ఆయిలర్ అంతటి మహా గణితజ్ఞుడు 1745లో జర్మన్‌లోకి అనువదించి, దానికి తన వ్యాఖ్య కూడా చేర్చాడు. రాబిన్స్ ఈస్టిండియా కంపెనీ కోటల పని మీద 1750లో మన దేశానికి వచ్చాడు. 1751 జూలైలో కడలూరు పక్కన సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు.

ఆ కొలతల నుంచి రాబిన్స్ తేల్చిన సంగతి సైన్యాలకు అప్పట్లో మింగుడు పడలేదు. ఫిరంగుల్లో పోసే మందు చాలావరకు దండగ అన్నాడు. మైదానంలో వాడే ఫిరంగికి గుండు బరువులో ఆరో వంతు, మహా అయితే ఐదో వంతు మందు మించకూడదని సూచించాడు. ఓడల మీద అదే బరువు లోహంతో పెద్ద గొట్టాలు పోసి, వాటికి మందు తగ్గించమన్నాడు. తర్వాత కొన్ని దశాబ్దాలకు ఇంగ్లిష్ నౌకాదళం వాడిన పొట్టి ఫిరంగులు ఆ దారిలోనే వచ్చాయి. ఫిరంగి నిష్పత్తిని తెచ్చి చిన్న రైఫిల్‌కు అంటించకూడదు, వాటి గొట్టాలు వేరు, గుళ్లు వేరు. అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది ఆయన అడిగిన ప్రశ్న: పోసిన అదనపు మందు లక్ష్యం దగ్గర ఏం మిగిల్చింది?

చిన్న గుండుకు ఈ ప్రశ్న ఇంకా పదునైనది. గుండ్రని గుండు వేగాన్ని గాలి తగ్గించే తీరు దాని వ్యాసానికి విలోమంగా ఉంటుంది. గుండు సగమైతే గాలి దాన్ని రెట్టింపు గట్టిగా పట్టుకుంటుంది. 0.31 అంగుళాల గుండును సెకనుకు 2000 అడుగుల వేగంతో వదిలినా, 1500 అడుగుల వేగంతో వదిలినా 100 గజాల దగ్గర ఏమవుతుందో లెక్క కడితే, మూతి దగ్గర ఉన్న 500 అడుగుల ఆధిక్యం అక్కడికి చేరేసరికి సుమారు 150 అడుగులకు కుంచించుకుపోతుంది. రెండూ ధ్వని వేగం కిందికి దిగిపోతాయి. మూతి దగ్గర చప్పుడు, మంట, పొగ, భుజం మీద తాకిడి, గొట్టం మీద ఒత్తిడి అన్నీ కొన్నవాడికి లక్ష్యం దగ్గర చేతికొచ్చింది ఆ చిల్లరే.

ఆ చిల్లర కోసం అతను పోగొట్టుకున్నది గురి. గాడులున్న గొట్టంలో గుండ్రని గుండు తిరగాలంటే దాన్ని చుట్టిన బట్ట ముక్క గాడులను పట్టుకుని ఉండాలి. మందు మితిమీరితే ఆ బట్ట మాడిపోతుంది, చిరుగుతుంది. గుండు గాడుల మీద జారుతుంది. ఒక్కో గుండు ఒక్కో దిక్కు. కాల్చిన బట్ట ముక్కలను ఏరి చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. మంచి కొలతలో బట్ట మళ్లీ వాడేలా మిగులుతుంది. చెడ్డ కొలతలో అంచులు కాలి, నడుమ చిల్లు పడి ఉంటుంది.

మూడో వాదానికి, అంటే "తన్నడం లేదు కాబట్టి తట్టుకుంటుంది" అన్నదానికి, జవాబు ఒక్క వాక్యంలో ఇవ్వవచ్చు. భుజం మీద తాకిడి గుండు బరువునూ వేగాన్నీ తుపాకి బరువునూ బట్టి వస్తుంది, గొట్టం గోడ మీద పడే ఒత్తిడిని భుజం కొలవదు. 45 గ్రెయిన్ల గుండు ఎంత వేగంగా వెళ్లినా నాలుగు కేజీల తుపాకిని పెద్దగా కదిలించలేదు. లోపల ఒత్తిడి మాత్రం గొట్టం గోడల మీద పెరుగుతూనే ఉంటుంది. కుక్కర్‌లో ఈల రాకపోవడం చూసి లోపల ఒత్తిడి లేదని మూత మీద చెయ్యి వేసే గృహిణి ఎవరూ ఉండరు. తుపాకి విషయంలో మాత్రం ఆ తెలివిని గడప దగ్గరే వదిలేసి వస్తున్నారు.

మసి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ఎండకూ గాలికీ అది బాగా ముడిపడి ఉంది. నల్ల తుపాకి మందు కాలినప్పుడు బరువులో సగానికి పైగా గ్యాసు కాదు, గట్టి పదార్థంగా మిగులుతుంది. 1870ల్లో ఇంగ్లండ్‌లో నోబుల్, ఏబెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మూసిన ఉక్కు పాత్రలో మందు కాల్చి దీన్ని తేల్చారు. అంటే పోసే ప్రతి రెండు గ్రెయిన్లలో ఒకటి మసిగా ఎక్కడో ఒకచోట అంటుకోవాలి. కొంత పొగతో బయటికి పోతుంది, మిగిలింది గొట్టం గోడకు అంటుకుంటుంది. పెద్ద గొట్టంలో వెంట్రుకవాసి మసి కూడితే పెద్ద ఇబ్బంది లేదు. సన్న గొట్టంలో అదే మందం దారిని ఇరుకు చేస్తుంది. రెంటచింతల ఎండలో ఆ మసి రాయిలా బిగుసుకుంటుంది. బాపట్ల తీరపు గాలిలో తేమ పీల్చి జిగురుగా మారి, శుభ్రం చేయకపోతే ఉక్కును తినడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు తర్వాతి గుండు దించేవాడి సంగతి చూడాలి. కడ్డీతో తోస్తే గుండు మసి దగ్గర ఆగిపోతుంది. అది మందు మీద కూర్చుందనుకుని అతను పేల్చేస్తాడు. మందుకూ గుండుకూ నడుమ ఖాళీ మిగిలిన తుపాకి పేలినప్పుడు ఆ గుండు గొట్టానికి అడ్డుగోడలా పనిచేసి, అక్కడే గొట్టం ఉబ్బవచ్చు, చీలవచ్చు. మూతి నుంచి దట్టించే తుపాకి గురించి తెలిసినవాళ్లు ఎక్కడివాళ్లైనా మొదట చెప్పే జాగ్రత్త ఇదే: గుండు మందును ఆనుకుని కూర్చోవాలి, కడ్డీ మీద గీత పెట్టుకుని ప్రతిసారీ ఆ గీత చూసుకోవాలి. మందు పెంచిన కొద్దీ మసి పెరుగుతుంది. మసి పెరిగిన కొద్దీ గుండు మధ్యలో ఆగే అవకాశం పెరుగుతుంది. దెబ్బ కోసం పోసిన మందే దెబ్బ తీసే దారి వేస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతకు ఇంతకంటే అక్షరాలా సరిపోయే సందర్భం దొరకదు.

చరిత్రలో మందుకు కొదవ లేనివాళ్లు ఏం చేశారో చూసినా ఇదే తేలుతుంది. 1857 అనగానే మనకు కొవ్వు పూసిన తూటాలు గుర్తొస్తాయి. సిపాయిలు నోటితో కొరకాల్సిన ఆ కాగితపు తూటా లోపల ఏముందో మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు. అందులో ప్రతి సిపాయికీ ముందే తూచి పెట్టిన ఒకే కొలత మందు ఉండేది. 0.577 అంగుళాల ఎన్‌ఫీల్డ్‌కు 530 గ్రెయిన్ల గుండు, 68 గ్రెయిన్ల చుట్టూ మందు. గుండు బరువులో ఎనిమిదో వంతుకు కాస్త పైన, అంతే. ఒక సామ్రాజ్యపు మందు గిడ్డంగులన్నీ చేతిలో ఉన్న సైన్యం, సిపాయి ఇష్టానికి ఇంకో చిటికెడు పోసుకునే అవకాశమే ఇవ్వలేదు. అదే ఏడాది ఇంగ్లండ్ పరీక్షల్లో జోసెఫ్ విట్‌వర్త్ చేసిన 0.451 అంగుళాల సన్న గొట్టపు రైఫిల్ ఎన్‌ఫీల్డ్‌ను గురిలో చిత్తుగా ఓడించింది. గుండు బరువు అంతే, మందు దాదాపు అంతే. గెలిపించింది ఆరు పలకల గొట్టం, గుండు ఆకారం, గాడుల మెలిక. అదనపు మందు కాదు.

చిన్న కాలిబర్ అసలెందుకు పుట్టిందో గుర్తు చేసుకుంటే వాదం అక్కడితో ముగిసిపోవాలి. అమెరికా కొండ ఊళ్లలో పేద కుటుంబాలు ఉడతల్ని కొట్టుకుని తినడానికి సన్న గొట్టాల రైఫిళ్లు చేయించుకున్నాయి. సీసం ఖరీదు, మందు ఖరీదు. ఒక పౌను సీసంలో 0.49 అంగుళాల గుళ్లు 39 వస్తే, 0.31 అంగుళాల గుళ్లు 150కి పైగా వస్తాయి. 20 గ్రెయిన్ల కొలత పోస్తే పౌను మందు 350 సార్లు పేలుతుంది. ఆ తుపాకి పొదుపు కోసం పుట్టింది. దానికి పెద్ద తుపాకి మందు పోసేవాడు, సైకిల్ కొనుక్కుని దానికి లారీ డీజిల్ బిల్లు కడుతున్నాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. "ఉడతల సంగతి మాకెందుకు, మా చేలో పడేవి పందులు. చిన్న తుపాకే ఉంది, పని పెద్దది. మందు పెంచక ఏం చేయాలి?"

ఏం చేసినా మందు మాత్రం పెంచకూడదు. పావు తులం సీసపు గుండు ఎంత వేగంగా వెళ్లినా అడవి పంది తోలునూ కొవ్వునూ ఎముకనూ దాటి ప్రాణం తీయడానికి చాలదు. గాయపరచడానికి మాత్రం చాలుతుంది. గాయపడిన పంది ఆ రాత్రి ఎవరి మీదికి వస్తుందో చెప్పలేం. ఎన్ని రోజులు బాధపడి చస్తుందో చెప్పలేం. పైగా అడవి పంది వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. పంటకు నష్టం చేస్తుంటే అటవీ శాఖ అధికారికి అర్జీ పెట్టుకుని రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకునే దారి 11వ సెక్షన్‌లో ఉంది, ఆ దారి దాటితే కేసు. చేను చుట్టూ కుసుమ వరసలు, ఆముదం వరసలు వేయడం, సోలార్ కంచె కట్టడం లాంటి పద్ధతులను వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్నారు. పని పెద్దదైతే పనికి తగ్గ సాధనం వెతకాలి. చిన్న సాధనం నోట్లో మందు కుక్కినంత మాత్రాన అది పెద్దదవదు.

ఇదంతా తుపాకి సంగతే అనుకునేవాళ్లకు ఈ నేల తన పాఠం తానే చెప్పింది, అదీ చాలా ఖరీదుగా. 1980ల మొదట్లో సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు మార్కెట్లోకి వచ్చినప్పుడు గుంటూరు, ప్రకాశం పత్తి రైతులు వాటిని కొత్త దైవంలా చూశారు. కొడితే పురుగు రాలిపోయింది. రాలిపోయింది కాబట్టి ఇంకోసారి కొట్టారు, డోసు పెంచి కొట్టారు, రెండు మందులు కలిపి కొట్టారు. ఆ మందుకు చచ్చిన వాటిలో అక్షింతల పురుగులు, సాలీళ్లు, అల్లిక రెక్కల పురుగులు కూడా ఉన్నాయి. వాటి భయం పోయాక తెల్లదోమ విరగబడింది. దశాబ్దం మధ్యలో ఆకులన్నీ జిగురుపట్టి నల్లబడిపోయాయి. 1987 సీజనుకల్లా శనగపచ్చ పురుగు పైరెత్రాయిడ్లకు లొంగడం మానేసింది. ఆంధ్రప్రదేశ్ చేలనుంచి ఏరిన పురుగుల మీద చేసిన పరీక్షల్లో ఆ సంగతి రుజువై, శాస్త్ర పత్రికల్లో కూడా వచ్చింది. కారణం తుపాకి మసిలాగే సూటిగా ఉంటుంది: గట్టిగా కొట్టిన కొద్దీ బలహీనమైన పురుగులు చస్తాయి, మిగిలిన గట్టివి గుడ్లు పెడతాయి. తర్వాతి తరం అంతా గట్టిదే. అప్పుల మీద అప్పులు చేసి కొట్టిన మందులు పనిచేయకుండా పోయిన ఆ ఏళ్లలో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. కొందరు అదే మందు తాగి.

2021లో మిరప తోటల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడు పాత తప్పే మళ్లీ జరిగింది. పూలల్లో దాక్కునే ఆ పురుగు మీద వారానికి రెండేసి సార్లు, దొరికిన మందల్లా కలిపి కొట్టారు. ఎకరానికి పెట్టుబడి లెక్కకు మించిపోయింది, పూలు రాలిపోతూనే ఉన్నాయి. విత్తనం, వాతావరణం, నత్రజని ఎరువు, పొరుగు తోటల నుంచి వలస, ఇన్ని కారణాలున్న ఆపదకు డోసు ఒక్కటే జవాబనుకోవడం వల్ల మిగిలినవాటి మీద చూపు పడలేదు. తుపాకివాడు గాడులనూ బట్టనూ రవ్వనూ మసినీ వదిలేసి మందునే చూసినట్టే ఇదీ.

మరి కొలత ఎలా ఎంచుకోవాలి? ఖండన రాసినవాళ్లు ఈ ప్రశ్న దగ్గర తప్పించుకోకూడదు.

మొదట తుపాకి చేసినవాళ్లు ఆ గొట్టానికి రాసిచ్చిన పుస్తకం. అందులో కనిష్ఠం, గరిష్ఠం ఉంటాయి. 0.32 రైఫిళ్లకు చెప్పే కొలతలు మామూలుగా 20 నుంచి 30 గ్రెయిన్ల చుట్టూ తిరుగుతాయి. 30 గ్రెయిన్లంటే తులంలో ఆరో వంతు, రెండు గ్రాములు కూడా లేదు. ఆ పుస్తకం లేని, ఎవరు చేశారో తెలియని గొట్టానికి సరైన కొలత అంటూ ఏదీ లేదు, దాన్ని పేల్చకపోవడమే దారి. తర్వాత మందు రకం: పుస్తకం ఏ రవ్వ చెప్పిందో అదే. పొగ రాని ఆధునిక మందు ఒక్క పలుకు కూడా ఈ గొట్టాల్లో పడకూడదు, దాని ఒత్తిడికి ఇవి కట్టినవి కావు. ఆ తర్వాత అనుమతి ఉన్న ఫైరింగ్ రేంజిలో కాగితం. కనిష్ఠం దగ్గర మొదలుపెట్టి, ప్రతి కొలతకూ అయిదు గుళ్లు, ప్రతి గుండుకూ మధ్య తడి బట్టతో గొట్టం తుడుపు. కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ఒక చోట అయిదు చిల్లులూ దగ్గరగా చేరతాయి. అది దాటితే మళ్లీ విడిపోతాయి. చేరిన చోటే ఆ తుపాకి కొలత. చాలాసార్లు అది గరిష్ఠానికి బాగా కిందే దొరుకుతుంది.

దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. పౌను తుపాకి మందులో కొంత భాగం, ఒక మధ్యాహ్నం, ఒక నోటుబుక్కు చాలు. పత్తి చేనుకూ మిరప తోటకూ గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు చెప్పే పద్ధతి కూడా దీనికి దగ్గరిదే: ముందు మొక్కను చూడు, పురుగుల్ని లెక్కపెట్టు, నష్టం చేసే సంఖ్య దాటితేనే మందు, అదీ రాసినంతే. రెండు చోట్లా మనిషి చేయాల్సిన పని లెక్కపెట్టడం.

పంట రక్షణ లైసెన్సులు ఇచ్చే అధికారులు చేయగల పని కూడా ఒకటుంది. ఇప్పుడు లైసెన్సు పొడిగించేటప్పుడు తుపాకి చూస్తారు, నంబరు చూస్తారు, కాగితాలు చూస్తారు. ఆ రోజునే ఆ తుపాకికి చెందిన ఇత్తడి కొలత గొట్టాన్నీ, కడ్డీ మీద పెట్టిన గీతనూ కూడా బల్ల మీద పెట్టమని అడగాలి. వేళ్లు చూపించినవాడికి సంతకం పెట్టకూడదు.